మోటార్‌హోమ్ లోపలి బల్బులు మారుస్తుంటే: ఏ లైటుకి ఏది పెట్టాలి

మోటార్‌హోమ్‌లో, అంటే లోపలే ఇల్లులా ఉండే బండిలో, సీలింగు లైటు బల్బు మీద 12 వోల్టులని రాసి ఉంటుంది. అది పేరుకే. ఆ వైర్లలో కచ్చితంగా 12 ఉండేది ఎప్పుడో గానీ కాదు. నిండా ఛార్జయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ లోడు లేకుండా ఉంటే 12.7 చూపిస్తుంది, సగం ఖాళీ అయ్యేసరికి 12.1 దగ్గరికి వస్తుంది. బయటి కరెంటుకు ప్లగ్గు పెట్టి ఛార్జర్ ఆన్ చేసినా, ఇంజన్ స్టార్ట్ చేసినా 14.4 దాకా పోతుంది. నిండా ఛార్జయిన లిథియం బ్యాటరీ అయితే విశ్రాంతిలోనే 13.3 పైన ఉంటుంది. పాత ఫిలమెంట్ బల్బు ఈ ఎగుడుదిగుళ్లను పట్టించుకోదు, కాస్త ఎర్రగానో కాస్త తెల్లగానో వెలిగి ఊరుకుంటుంది. ఎల్ఈడీకి అంత ఓపిక లేదు. చాలామంది కొన్న మొదటి సెట్టు ఏడాది తిరక్కుండా మిణుకుమనడం మొదలుపెట్టడానికి కారణం ఇదే. అందుకే బేస్ (బల్బు హోల్డర్‌లో కూర్చునే అడుగు భాగం) సరిపోయిందా అని చూసే ముందు, అది ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుందో చూడండి.

ఇక్కడ చెప్పేదంతా లోపలి లైట్ల గురించే. ఇండికేటర్లు, బ్రేక్ లైట్ల సంగతి వేరు, వాటికి రోడ్డు నిబంధనలు వర్తిస్తాయి. కొన్ని పెద్ద బండ్లలో 24 వోల్టుల వైరింగు ఉంటుంది, కొన్ని లైట్లు ఇంటి కరెంటు మీద నడుస్తాయి. మల్టీమీటర్ (వోల్టులు, కరెంటు కొలిచే చిన్న మీటరు) పెట్టి హోల్డర్ దగ్గర కొలిచాకే ఏదైనా కొనండి.

అసలు మార్చడం అవసరమా?

లెక్క చిన్నదే. సీలింగు లైట్లలో ఎక్కువగా కనిపించే 1141 నంబరు బల్బు 1.44 ఆంపియర్లు లాగుతుంది, అంటే సుమారు 18 వాట్లు. అలాంటివి ఆరు, సాయంత్రం నాలుగు గంటలు వెలిగితే దాదాపు 35 ఆంపియర్ అవర్లు (ఆంపియర్లను గంటలతో గుణిస్తే వచ్చే లెక్క) ఖర్చు. 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి దాని ఆరోగ్యం చెడకుండా వాడుకోగలిగేది సగమే, అంటే 50. అందులో 35 దీపాలకే పోతే పంపు, ఫ్యాన్, హీటర్ బ్లోయర్ ఏమైపోవాలి? అదే వెలుగుకు 2.5 వాట్ల ఎల్ఈడీ చాలు, అది లాగేది 0.2 ఆంపియర్. ఆరు బల్బులు నాలుగు గంటలకు 4.8 ఆంపియర్ అవర్లు. ఎప్పుడూ కరెంటు పాయింటు ఉన్న చోటే బండి ఆపేవాళ్లకు ఈ లెక్కతో పెద్ద పని లేదు. వాళ్లకు మిగిలే లాభం వేడి తగ్గడం, ప్లాస్టిక్ మూత పసుపెక్కి పెళుసు కాకపోవడం.

అన్నీ ఒకేసారి మార్చేయాలన్న నియమం కూడా లేదు. రోజుకు గంటల తరబడి వెలిగే నాలుగైదు లైట్లు ఏవో చూసుకుని వాటితో మొదలుపెట్టండి. అలమరా లోపల నెలకోసారి రెండు నిమిషాలు వెలిగే 5 వాట్ల బల్బును మార్చి దాచుకునేది ఏమీ లేదు. ఒక్క మినహాయింపు: తలుపు తెరిస్తే వెలిగే రకమై, ఆ తలుపు స్విచ్ ఇరుక్కుపోయే అలవాటు ఉంటే మార్చండి. తలుపు మూసుకున్నాక లోపల బల్బు రాత్రంతా వెలిగినా మనకు తెలియదు.

రెసిస్టర్ రకమా, డ్రైవర్ రకమా?

చవక ఎల్ఈడీ బల్బులో మూడు చిప్పులను వరసగా కలిపి, వాటికి ఒక రెసిస్టర్ (కరెంటును అడ్డుకునే చిన్న భాగం) తగిలిస్తారు. తెల్లటి చిప్పు ఒక్కోటి సుమారు 3.2 వోల్టులు తీసుకుంటుంది, మూడింటికి 9.6. సరఫరా 12 వోల్టులైతే రెసిస్టర్ మీద పడేది 2.4. ఛార్జర్ ఆన్ అయి 14.4 వచ్చిందనుకోండి, రెసిస్టర్ మీద 4.8 పడుతుంది. అంటే సరఫరా పెరిగింది 20 శాతమే అయినా చిప్పుల్లో పారే కరెంటు దాదాపు రెట్టింపు. బల్బు ధగధగా వెలుగుతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ వేడెక్కిపోతుంది. ముందు ఒక వరస మినుకుతుంది, తర్వాత ఆ మూడూ కలిసి ఆరిపోతాయి. సగం చిప్పులు మాత్రమే వెలిగే బల్బు కనిపిస్తే జరిగింది ఇదే.

రెండో రకంలో కరెంటును స్థిరంగా ఉంచే చిన్న డ్రైవర్ సర్క్యూట్ ఉంటుంది. ప్యాకెట్ మీద 10–30 వోల్టులనో 8–30 వోల్టులనో రాసి ఉంటే సాధారణంగా ఇదే. బ్యాటరీ దిగినా, ఛార్జర్ ఎక్కించినా వెలుగు మారదు. రాసింది నమ్మబుద్ధి కాకపోతే ఒక పరీక్ష ఉంది. మల్టీమీటర్‌ను ఆంపియర్ల మీద పెట్టి బల్బుతో వరసగా కలపండి. బ్యాటరీ మీద ఒకసారి, ఛార్జర్ ఆన్ చేసి ఒకసారి కరెంటు చూడండి. వోల్టేజి పెరిగినప్పుడు కరెంటు తగ్గితే డ్రైవర్ ఉన్నట్టు. కరెంటు కూడా పెరిగితే లోపల రెసిస్టర్ తప్ప ఇంకేమీ లేదు. మీటర్ లేని వాళ్లకు ఇంకో గుర్తు: కుళాయి తిప్పగానే నీళ్ల పంపు కొట్టుకుంటుంది కదా, ఆ కొట్టుకోవడానికి తాళం వేస్తున్నట్టు దీపం వణికితే అది రెసిస్టర్ రకం.

మరి రెసిస్టర్ రకం ఎప్పుడూ వద్దా? ఒక చోట అదే మేలు. లైటు వెలుగును స్విచ్‌తో తగ్గించి పెంచే డిమ్మర్ ఉంటే, 12 వోల్టుల డిమ్మర్లలో ఎక్కువ భాగం కరెంటును సెకనుకు వందలసార్లు ఆపి వదిలే పద్ధతిలో పనిచేస్తాయి. లోపల డ్రైవర్ ఉన్న బల్బు ఆ తెగిపోయే సరఫరాను అర్థం చేసుకోలేక మిణుకుతుంది, కూస్తుంది, లేదా సగం తిప్పాక ఒక్కసారిగా ఆరిపోతుంది. రెసిస్టర్ రకం మాత్రం చక్కగా మందగిస్తుంది. కాబట్టి డిమ్మర్ ఉన్న చోట డిమ్మర్‌కు పనికొస్తుందని స్పష్టంగా రాసిన డ్రైవర్ బల్బు గానీ, లేదంటే తక్కువ వాట్ల మంచి రెసిస్టర్ బల్బు గానీ పెట్టండి. మిగతా అన్ని చోట్లా డ్రైవర్ రకమే.

బేస్ గుర్తుపట్టడం

పాత బల్బును చేతిలోకి తీసుకుంటే ఇత్తడి గొట్టం మీదో గాజు మీదో సన్నటి అక్షరాలతో నంబరు ఉంటుంది. చెరిగిపోయి ఉంటే ఆకారమే దారి చూపిస్తుంది.

నొక్కి తిప్పి తీసే ఇత్తడి బేసులు 15 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటాయి. అడుగున ఒక్క చుక్క, రెండు పక్కలా ఒకే ఎత్తులో పిన్నులు ఉంటే బిఎ15ఎస్. 1141, 1156, యూరప్ బండ్లలో కనిపించే పి21డబ్ల్యు, ఆర్10డబ్ల్యు అన్నీ ఈ కోవలోవే. అడుగున రెండు చుక్కలు, పిన్నులు ఒకే ఎత్తులో ఉంటే బిఎ15డి. రెండు చుక్కలుండి పిన్నులు ఒకటి పైకి ఒకటి కిందికి ఉంటే బిఎవై15డి, అంటే 1157. ఈ చివరి రెండింటినీ ఒకటే అనుకుని కొనేవాళ్లు చాలామంది. పిన్నుల ఎత్తు కళ్లతో చూసే దాకా ఆర్డరు పెట్టకండి.

గాజు అడుగే బేసుగా ఉండి, హోల్డర్‌లోకి గుచ్చే రకం టి10. ఇందులో చిన్నవి 194, డబ్ల్యు5డబ్ల్యు, పెద్దది 921. చిన్నది 4, 5 వాట్లది, పెద్దది 18 వాట్లది. రెండూ ఒకే హోల్డర్‌లో దూరతాయి, వెలుగులో మాత్రం అయిదు రెట్లు తేడా. డబ్ల్యు5డబ్ల్యు ఇచ్చేది సుమారు 50 ల్యూమెన్లు (వెలుగు ఎంతో చెప్పే కొలత), 921 ఇచ్చేది 260 వరకు. టి10 అని మాత్రమే రాసి ఉన్న ఎల్ఈడీని 921 స్థానంలో పెట్టి గది చీకటైందని బాధపడటం ఇక్కడే మొదలవుతుంది. ల్యూమెన్లు రాసి లేని ప్యాకెట్టును పక్కన పెట్టేయండి.

రెండు చివరలా లోహపు టోపీలతో మాత్రలా ఉండే బల్బు ఫెస్టూన్. 31, 36, 41 మిల్లీమీటర్ల పొడవుల్లో దొరుకుతుంది. పొడవును టోపీ కొన నుంచి టోపీ కొన దాకా కొలవాలి, గాజు పొడవు కాదు. 36 ఉండాల్సిన చోట 31 పెడితే హోల్డర్ రెక్కలు పట్టుకోవు, బండి కుదుపుకు జారి మూతలో పడుతుంది. 41ని 36లో కుక్కితే రెక్కలు సాగిపోయి తర్వాత ఏ బల్బునూ పట్టవు.

రెండు సన్నటి తీగలు బయటికి పొడుచుకు వచ్చే చిన్న హాలోజన్ జి4, తీగల మధ్య దూరం 4 మిల్లీమీటర్లు. అద్దపు గిన్నెలాంటి రిఫ్లెక్టర్‌తో వచ్చేవి రెండు: 35 మిల్లీమీటర్ల ఎంఆర్11, సుమారు 50 మిల్లీమీటర్ల ఎంఆర్16. ఇక ట్యూబ్‌లైట్ల సంగతి కింద వేరుగా ఉంది.

సీలింగు లైటులో బిఎ15ఎస్: స్తంభమా, పలకా?

ఎక్కువ సంఖ్యలో మార్చాల్సింది ఇదే కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం. బిఎ15ఎస్ ఎల్ఈడీలు మూడు ఆకారాల్లో వస్తాయి. చుట్టూ చిప్పులు అంటించిన మొక్కజొన్న కంకిలాంటి స్తంభం, ఒకే వైపు చిప్పులున్న బల్లపరుపు పలక, వైరు చివర బేసు వేలాడుతూ జిగురుతో అంటించుకునే విడి పలక.

సీలింగు లైటులో బల్బు పడుకుని ఉంటుంది. స్తంభం పెడితే సగం వెలుగు పైనున్న రిఫ్లెక్టర్ వైపు పోతుంది. ఆ రిఫ్లెక్టర్ మెరిసే తెలుపైతే నష్టం లేదు, గదంతా సమంగా పరుచుకుంటుంది. పసుపెక్కిన ప్లాస్టిక్ అయితే ఆ సగమూ నీళ్లపాలే. ఒకవైపు పలక వెలుగంతా కిందికే కొడుతుంది, కాబట్టి 200 ల్యూమెన్ల పలక కూడా 260 ల్యూమెన్ల పాత బల్బుకు ఏమాత్రం తీసిపోదు. కానీ దానికో తిరకాసు ఉంది. నొక్కి తిప్పే బేసు హోల్డర్‌లో రెండు రకాలుగానే కూర్చుంటుంది, ఒకటి రెండోదానికి సరిగ్గా తలకిందులు. హోల్డర్ గాడులు పక్కకు తిరిగి ఉంటే పలక కిందికి కాకుండా గోడవైపు చూస్తూ తాళం పడుతుంది, అటు తిప్పి పెట్టినా ఇటు తిప్పి పెట్టినా అంతే. కొనే ముందు పాత బల్బు పిన్నులు ఏ దిక్కుకు ఆగాయో చూసుకోండి, లేదా బేసు మీద పలక తిరిగే రకం తీసుకోండి.

విడి పలక అన్నిటికన్నా సమంగా వెలుగిస్తుంది, ఎత్తు తక్కువ కాబట్టి లోతులేని లైట్లకు దిక్కు అదే. దాని వీపున ఉన్న సోల్డర్ చుక్కలు లోహపు రిఫ్లెక్టర్‌కు తగిలితే మాత్రం షార్టవుతుంది. పలచటి జిగురు టేపు చాలదు, మందపాటి ఫోమ్ టేపు వాడండి. అంటించే చోటును స్పిరిట్‌తో తుడవకపోతే మొదటి ఎండకాలానికే ఊడి మూతలో పడుతుంది.

చాలా లైట్లలో ఒక మూత కింద రెండు బల్బులుంటాయి. మూత పారదర్శకంగా ఉండి లోపల గీతలు మాత్రమే ఉంటే స్తంభపు చిప్పులు ఒక్కోటి చుక్కల్లా కనిపించి కంట్లో గుచ్చుకుంటాయి. పాలరంగు మూత ఆ చుక్కల్ని కలిపేస్తుంది. ఎలాగూ తీశారు కదా అని ఆ మూతను గోరువెచ్చని సబ్బునీళ్లలో కడగండి. ఏళ్లుగా చేరిన పురుగులు, వంట జిడ్డు పోతే కొత్త బల్బు కొనకుండానే గది తేటపడటం చూసి ఆశ్చర్యపోతారు.

వెలుగు చాలడం లేదని 1141 తీసి 1156 ఫిలమెంట్ పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. 2.1 ఆంపియర్లు, 27 వాట్లు. ఇస్తుంది 400 ల్యూమెన్లు, కానీ మూతను గోధుమరంగుకు తిప్పి చివరికి కరిగిస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. అంత వెలుగు కావాలంటే 4 వాట్ల ఎల్ఈడీ ఇస్తుంది.

జి4, ఎంఆర్ రకాలు

హాలోజన్ జి4లు 10, 20 వాట్లలో వస్తాయి. 10 వాట్లదానికి 120–140 ల్యూమెన్ల ఎల్ఈడీ, 20 వాట్లదానికి 300 దరిదాపు ఉన్నది కావాలి. ఇక్కడ అసలు ఎంపిక ఆకారంలో ఉంది. బిళ్లలా గుండ్రంగా ఉండే ఎల్ఈడీకి తీగలు వీపు నుంచి అయినా వస్తాయి, పక్క నుంచి అయినా వస్తాయి. పాత హాలోజన్ నిలువుగా నిలబడి ఉంటే వీపు తీగలది, పడుకుని ఉంటే పక్క తీగలది. తప్పు కొంటే తీగల్ని వంచి సర్దుదామనుకోకండి, వంచిన చోట సోల్డర్ పగిలి బండి కదిలినప్పుడల్లా దీపం ఆరి వెలుగుతుంది. బిళ్ల వ్యాసం కూడా కొలుచుకోవాలి. 24 మిల్లీమీటర్లది దూరే చోట 30ది దూరదు, గాజు మూత బిగించలేరు.

తీగలు సన్నగా ఉండి హోల్డర్‌లో వదులైతే ఎల్ఈడీని గుచ్చి కొద్దిగా కదిపి చూడండి. మిణుకితే హోల్డర్‌లోని రేకుల్ని సూదితో కాస్త దగ్గరికి జరపండి, ఫ్యూజు తీశాకే సుమా.

ఇంటి డెకరేషన్ లైట్ల కోసం అమ్మే జి4ల మీద 12 వోల్టుల ఏసీ అని ఉంటుంది. అవి ట్రాన్స్‌ఫార్మర్ మీద సరిగ్గా 12కే కట్టుబడి ఉండేలా చేసినవి. బండిలో 14.4 తగలగానే వాటి పని అయిపోతుంది. ఏసీ, డీసీ రెండూ రాసి ఉండి, పై హద్దు కనీసం 15 దాటి ఉంటేనే తీసుకోండి. 30 ఉంటే నిశ్చింత.

మంచం దగ్గర చదువుకునే లైటుకు ఎంఆర్11 ఉంటే వెలుగు కోణం చూడండి. 36 లేదా 38 డిగ్రీలది పుస్తకం మీద పడుతుంది, పక్కవాళ్ల నిద్ర చెడదు. 120 డిగ్రీలది గదంతా చిమ్ముతుంది. రంగు విషయంలో పెద్దగా ఆలోచించేది లేదు: కూర్చునే, పడుకునే చోట 2700–3000 కెల్విన్, కూరగాయలు తరిగే బల్ల మీద 4000. 6000 పైన ఉన్న నీలితెలుపు ఆసుపత్రి వరండాను గుర్తుచేస్తుంది, చిన్న గదిలో మరీను. ఒకేచోట కనిపించే లైట్లన్నీ ఒకే రంగువి, వీలైతే ఒకే ప్యాకెట్టులోవి కొనండి. సీఆర్ఐ (వెలుగు రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 80కి తక్కువైతే తినేదాని రంగు చచ్చుగా కనిపిస్తుంది, 90 ఉంటే బాగుంటుంది.

ట్యూబ్‌లైట్లు

12 వోల్టుల ట్యూబ్‌లైటులో చోక్ ఒక చిన్న ఇన్వర్టర్. బ్యాటరీ కరెంటును వందల వోల్టులకు పెంచి ట్యూబుకు ఇస్తుంది. ట్యూబులు ఎక్కువగా రెండు సైజులు: 18 అంగుళాల 15 వాట్ల టి8, దీని మందం 25 మిల్లీమీటర్లు, 12 అంగుళాల 8 వాట్ల టి5, దీని మందం 16. చివరలు నల్లబడి, వెలగడానికి తటపటాయిస్తుంటే మీ ముందు నాలుగు దారులున్నాయి.

అదే సైజు కొత్త ట్యూబు పెట్టడం అన్నిటికన్నా తేలిక, పాత ట్యూబునే కదా మార్చేది. ఫిలమెంట్ బల్బులతో పోలిస్తే ట్యూబ్‌లైటు కరెంటు విషయంలో మరీ దుబారా కాదు, కాబట్టి చోక్ బాగుంటే ఇది తప్పేమీ కాదు. కొత్త ట్యూబు పెట్టినా వెలగకపోతే చోక్ పోయినట్టు. అప్పుడు కొత్త చోక్ కొనడం మాత్రం దండగ.

చోక్ తీసేసి, అదే పెట్టెలో ఎల్ఈడీ పలకలు అంటించడం రెండో దారి. పెట్టె, మూత, స్విచ్ అవే ఉంటాయి, సీలింగు మీద పాత గుర్తులు బయటపడవు. 18 అంగుళాల పెట్టెలో రెండు పలకలు పడతాయి. సరఫరా వైర్లు నేరుగా స్విచ్ నుంచి పలకకు వెళ్లాలి. చోక్ నుంచి వచ్చే వైర్లను పలకకు కలిపితే అది స్విచ్ వేసిన క్షణంలో మాడిపోతుంది, మీ చేతికి తగిలినా గట్టిగానే కొడుతుంది. కాబట్టి చోక్ రెండు వైపులా కత్తిరించి బయట పడేయండి, లోపల వదిలేస్తే తర్వాత ఎవరో దాన్నే కలుపుతారు. నాలుగింటిలో మొగ్గాల్సింది ఈ దారికే.

మూడోది ట్యూబు ఆకారంలోనే ఉండే 12 వోల్టుల ఎల్ఈడీ. దీనికీ చోక్ తప్పించాలి. చూడ్డానికి ట్యూబులాగే ఉండే ఇంటి కరెంటు ఎల్ఈడీని పొరపాటున తెచ్చుకోకండి, అది 12 వోల్టులకు వెలగదు. నాలుగోది మొత్తం లైటునే మార్చడం. మూత పగిలిపోయినా, స్విచ్ వదులైనా, హోల్డర్ కాలిపోయినా ఇదే సరి. కానీ చిప్పులు లోపలే బిగించి ఉన్న లైటు పాడైతే మళ్లీ మొత్తం మార్చాల్సిందే, బల్బు మార్చే వీలుండదు.

తీసిన ట్యూబులో పాదరసం ఉంటుంది. పగలగొట్టి చెత్తబుట్టలో వేయకుండా ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.

బిగించేటప్పుడు

ఆ సర్క్యూట్ ఫ్యూజు తీసేయండి. స్విచ్ ఆపితే చాలదు, కొన్ని లైట్లలో స్విచ్ మైనస్ వైపు ఉంటుంది. అప్పుడు హోల్డర్‌లో ప్లస్ ఎప్పుడూ బతికే ఉంటుంది, పట్టకారు తగిలితే నిప్పురవ్వ. వెలుగుతున్న హాలోజన్ అయితే పది నిమిషాలు చల్లారనివ్వండి.

మూతకు పొడవాటి అంచుల మధ్యలో పట్టు ఉంటుంది. ఒక అంచును బొటనవేలితో లోపలికి నొక్కితే ఊడుతుంది. చలిరోజున పాత ప్లాస్టిక్ అప్పడంలా విరుగుతుంది, గదిని ముందు వెచ్చచేసుకోండి.

బల్బు తీశాక హోల్డర్ లోపలికి ఒకసారి చూడండి. అడుగున స్ప్రింగు మీద కూర్చున్న రాగి బొడిపె నల్లగా ఉందా, పాత బల్బు అడుగునున్న సీసపు చుక్క గుంటపడిందా? ఏళ్ల తరబడి వేడికి ఆ చుక్క మెత్తబడి, స్ప్రింగు దాన్ని లోపలికి నొక్కేస్తుంది. అప్పుడు ఆ స్ప్రింగు కూడా బిగువు తప్పి ఉంటుంది. ఎల్ఈడీ తేలిక, నొక్కేదేమీ లేదు కాబట్టి రోడ్డు కుదుపులకు కనెక్షన్ తెగుతుంటుంది. సన్నటి గరుకు కాగితాన్ని పెన్సిల్ చివరకు చుట్టి బొడిపెను శుభ్రం చేయండి, స్ప్రింగు పైకి లేచి ఆడుతోందో లేదో నొక్కి చూడండి. ఆడకపోతే హోల్డర్ మార్చడమే. కొత్త బల్బు పాడైందని వెనక్కి పంపే వాటిలో ఎన్నో నిజానికి ఈ నల్లబడ్డ బొడిపె బాధితులే.

టి10, ఫెస్టూన్, జి4 పెట్టాక వెలగకపోతే తీసి తిప్పి పెట్టండి. ఎల్ఈడీకి ప్లస్ మైనస్ తేడా ఉంటుంది, ఏ దిక్కైనా వెలిగే రకం అయితేనే ఆ బాధ లేదు. బిఎ15ఎస్‌ను తిప్పినా ఫలితం ఉండదు, ఎందుకంటే చుక్క చుక్కే, గొట్టం గొట్టమే. హోల్డర్ వైర్లు తారుమారై గొట్టానికి ప్లస్ వచ్చి ఉంటే మల్టీమీటర్ మైనస్ గుర్తు చూపిస్తుంది. అప్పుడు హోల్డర్ వెనక వైర్లు మార్చుకోవాలి. అలా మార్చే ముందు ఆ హోల్డర్ గొట్టం లోహపు పెట్టెకు, ఆ పెట్టె బండి బాడీకి తగలడం లేదని చూసుకోండి.

టి10 పలచటి పలక మీద సన్న తీగలతో వస్తే, తీగల్ని కాస్త బయటికి వంచి గుచ్చితే గట్టిగా నిలుస్తుంది. మీద బరువున్న పొడవు బల్బు వద్దు, గతుకుల దారిలో తనంత తానే బయటికి పాక్కుంటూ వస్తుంది.

ఫ్యూజు మళ్లీ పెట్టేటప్పుడు పాత విలువే పెట్టండి. లోడు తగ్గింది కాబట్టి పెద్దది పెట్టే అవసరం ఎటూ రాదు. ఫ్యూజు ఎగిరితే అది బల్బు వీపు ఎక్కడో షార్టయిందని చెబుతున్నట్టు. ముందు ఒకే ఒక్క బల్బు కొని వారం వాడండి. మూత పట్టిందా, రాత్రి కంటికి హాయిగా ఉందా, ఛార్జర్ ఆన్ చేసినప్పుడు బేసు చేతితో ముట్టుకోలేనంత వేడెక్కుతోందా అన్నది తేలాకే మిగతావి తెప్పించండి, రెండు అదనంగా.

మార్చాక వచ్చే తలనొప్పులు

లైటు వేయగానే రేడియోలో జోరీగలా రొద మొదలైతే, లోపలి డ్రైవర్ సర్క్యూట్ చేస్తున్న గోల అది. ఎఫ్ఎంలో బలహీనంగా వచ్చే స్టేషన్ పెట్టి ఒక్కో లైటు వేసి ఆర్పుతూ చూస్తే దోషి దొరుకుతుంది. తరచూ అది యాంటెన్నా వైరుకు దగ్గరున్న లైటే అవుతుంది. ఆ ఒక్కచోట వేరే తయారీ బల్బు, లేదా రెసిస్టర్ రకం పెడితే పోతుంది. బల్బు వైర్లకు ఫెరైట్ ముక్క (రొదను అణిచే అయస్కాంత పదార్థపు బిళ్ల) బిగిస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోతుందని ఆశపడకండి.

స్విచ్ ఆపినా బల్బు మసగ్గా వెలుగుతుంటే ఆ స్విచ్‌లో చిన్న సూచిక దీపం ఉండి ఉంటుంది. దాని గుండా కారే కాస్త కరెంటు ఫిలమెంట్‌ను వెలిగించలేదు, ఎల్ఈడీకి మాత్రం సరిపోతుంది. బ్యాటరీకి నష్టం లేకపోయినా పడుకునేవాళ్లకు చిరాకు. హోల్డర్ రెండు కొసల మధ్య 1 కిలో ఓమ్, అర వాట్ రెసిస్టర్ కలిపితే చాలా స్విచ్‌లతో ఆగిపోతుంది. సోల్డరింగు మీ వల్ల కాకపోతే ఆ సర్క్యూట్‌లో ఒక్క ఫిలమెంట్ బల్బును అలాగే ఉంచేయండి, కారే కరెంటును అదే మింగేస్తుంది.

బయటి కరెంటు మీద ఉన్నప్పుడు మాత్రమే దీపాలన్నీ వణుకుతూ, బ్యాటరీ మీద నిలకడగా ఉంటే తప్పు బల్బులది కాదు. పాత కాలపు ఛార్జర్ శుభ్రమైన డీసీ ఇవ్వడం లేదు. ముందు బ్యాటరీ కనెక్షన్ వదులైందేమో చూడండి, బ్యాటరీ ఆ అలల్ని చాలావరకు మింగేస్తుంది. అది బిగువుగానే ఉంటే మార్చాల్సింది ఛార్జర్‌నే.

పొయ్యి మీది చిమ్నీ హుడ్‌లో ఉన్న బల్బును మాత్రం ముట్టుకోకండి. కింది నుంచి మంట సెగ, పక్కన జిడ్డు, పైన గాలి ఆడని మూత. ఎల్ఈడీ తన వేడిని బేసు నుంచి వదులుకోవాలి, ఆ చోట వదులుకునే దారి లేదు. సీలింగులోంచి తీసిన మంచి ఫిలమెంట్ బల్బులు రెండు, అదే బేసువి, అదే వాట్లవి అయితే గుడ్డలో చుట్టి సొరుగులో దాచుకోండి. హుడ్ బల్బు పోయిన రోజు అవే పనికొస్తాయి.